బెల్టు మారిస్తే బుద్ధి మారుతుందా?

కుక్కపిల్ల ఇంటికొచ్చిన మొదటి రెండు నెలలూ ఫోన్ నిండా దాని ఫొటోలే. నిద్రపోతే ఫొటో, ఆవలిస్తే ఫొటో, మన చెప్పు కొరికితే ఏకంగా రీల్. ఐదో నెల దాటాక అసలు కథ మొదలవుతుంది. చైన్ తగిలించి లిఫ్ట్ దిగగానే, మనం దాన్ని వాకింగ్‌కి తీసుకెళ్తున్నామో, అది మనల్ని తీసుకెళ్తోందో వాచ్‌మన్‌కి కూడా అర్థం కాదు. మన భుజం ఊడొచ్చేలా ఉంటుంది. అది మాత్రం ముందుకి వంగి, గొంతులోంచి గురగుర చప్పుడు చేస్తూ, దగ్గుతూ, అయినా సరే లాగుతూనే ఉంటుంది.

సరిగ్గా అప్పుడే 'ట్రైనింగ్ కాలర్' అనే మాట మన జీవితంలోకి వస్తుంది. మన దగ్గర కాలర్‌ని బెల్టు అంటాం, లీష్‌ని చైన్ అంటాం, అది నైలాన్‌దైనా సరే. నేనూ అలాగే రాస్తా. పెట్ షాప్ గోడకి వేలాడే బెల్టులన్నీ చూస్తే, సగం ఇంజినీరింగ్ కాలేజీ వర్క్‌షాప్‌లో సామానులా ఉంటాయి. గొలుసులు, రింగులు, ముళ్లు, బ్యాటరీలు. "మేడమ్, ఇది వేస్తే రెండు రోజుల్లో సెట్" అంటాడు షాప్ అబ్బాయి. ఏది చూపించినా అదే డైలాగ్.

మా ఇంట్లో ఈ టాపిక్ సరదాగా మొదలవలేదు. మా లడ్డూ లాబ్రడార్‌కీ వీధి కుక్కకీ పుట్టిన బాపతు. ఆరు నెలలకే 17 కిలోలు. పొద్దున ఏడింటికి నాకు అమెరికా వాళ్లతో కాల్ ఉంటుంది కాబట్టి ఆ పూట వాకింగ్ అమ్మది. అమ్మకి 58 ఏళ్లు, ఎడమ మోకాలు నొప్పి. ఎముకలు పలచబడ్డాయి, పడకుండా చూసుకోండి అని డాక్టర్ గట్టిగా చెప్పారు. ఓ రోజు కూరగాయల ఆటో వెనకాల లడ్డూ ఒక్క ఉదుటున దూకితే, అమ్మ గేటు గ్రిల్ పట్టుకుని ఆగింది. పైకొచ్చి మంచినీళ్లు తాగి, నా కాల్ అయ్యేదాకా కూర్చుని, అప్పుడు చెప్పింది. "ఏమే, ఇది నన్ను ఎప్పుడో ఒకరోజు బోర్లా పడేస్తుంది. నా తుంటి విరిగాక దీన్ని ఎవరికో ఇచ్చే బదులు, ఇప్పుడే ఎవరైనా మంచివాళ్లని చూడు."

కోపంతో అన్న మాటైతే పట్టించుకునేదాన్ని కాదు. లెక్క వేసుకుని అంది. పైగా ఆ కుక్కకి రోజూ పక్కన కూర్చుని అన్నం పెట్టేది కూడా తనే. వాట్సాప్ గ్రూపుల్లో 'ఏడు నెలలు, వెరీ ఫ్రెండ్లీ, ఫ్రీ అడాప్షన్' అని వచ్చే మెసేజ్‌లు మీరూ చూసే ఉంటారు. వాటిలో కొన్నింటి వెనక ఇలాంటి మోకాలు ఒకటి ఉండే ఉంటుంది.

సలహా మొదట మూడో ఫ్లోర్ అంకుల్ దగ్గర్నుంచి వచ్చింది. ఆయన ముప్పై ఏళ్లు ఆల్సేషియన్లని పెంచారు. "చోక్ చైన్ వెయ్యమ్మా. రెండు ఝట్కాలిస్తే లైన్లో పడుతుంది. ఇంట్లో బాస్ ఎవరో కుక్కకి తెలియాలి" అన్నారు. ఆయన కుక్కలంటే ప్రాణం పెట్టే మనిషి, అందులో అనుమానం లేదు. ఆ రోజుల్లో అందరికీ నేర్పింది అదే మరి. జర్మనీలో కాన్రాడ్ మోస్ట్ అనే పోలీసు, మిలిటరీ కుక్కల ట్రైనర్ 1910లో రాసిన పుస్తకం దగ్గర్నుంచి, అమెరికాలో విలియం కోలర్ 1962లో తెచ్చిన మాన్యువల్ దాకా, పద్ధతి ఒక్కటే. తప్పు చేస్తే మెడ దగ్గర ఝట్కా. మన పోలీసు డాగ్ స్క్వాడ్‌లని చూసి ఊళ్లోవాళ్లు నేర్చుకున్నదీ ఆ దారిలోదే.

'బాస్' థియరీ కథ ఇంకా బాగుంటుంది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన, బోనులో పెట్టిన తోడేళ్లని చూసి అవి పెత్తనం కోసం కొట్టుకుంటాయని రాశాడు. డేవిడ్ మెక్ అనే అమెరికన్ సైంటిస్ట్ 1970లో తన పుస్తకంలో ఆ 'ఆల్ఫా' మాటని ప్రపంచమంతా తిప్పాడు. తర్వాత అదే మెక్ ఏళ్ల తరబడి అడవిలో తోడేళ్లని చూసి, 1999లో పేపర్ రాశాడు. అక్కడ పెత్తనం గొడవ కాదు, అమ్మానాన్నా పిల్లలూ ఉన్న మామూలు కుటుంబం అని. ఒక్కసారి ప్రొడక్షన్‌లోకి వెళ్లిన కోడ్‌ని వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో మా ఫీల్డ్‌వాళ్లకి తెలుసు. ఆ 'ఆల్ఫా' మాట ఇప్పటికీ మా మూడో ఫ్లోర్‌లో రన్ అవుతూనే ఉంది. అయినా లడ్డూ లాగేది ఆ వేపచెట్టు దగ్గర వాసన చూడ్డానికి. అసోసియేషన్ ప్రెసిడెంట్ అవ్వాలని కాదు కదా!

సరే, గోడ మీదున్న బెల్టుల సంగతి చూద్దాం.

చోక్ చైన్ అంటే రెండు చివరలా రింగులున్న గొలుసు. లాగితే బిగుస్తుంది, వదిలితే లూజవ్వాలి. ఆ 'వదిలితే' దగ్గరే తిరకాసంతా. కుక్క మీకు ఎడమ పక్క నడుస్తుంటే ఒక దిశలో వెయ్యాలి, తిరగేసి వేస్తే బిగిసింది బిగిసినట్టే ఉంటుంది. సరిగ్గా వేసినా, అరసెకనులో లాగి వదిలే ఒడుపు ఉంటేనే అది 'ట్రైనింగ్'. లేకపోతే వాకింగ్ అయ్యేదాకా ఉరే. మా అమ్మ చేతిలో ఆ ఒడుపు ఉండదు, నా చేతిలోనూ ఉండదు. ఇక కుక్కపిల్ల మెడ అంటే ఎదుగుతున్న మెడ. లోపల శ్వాసనాళం, థైరాయిడ్, రక్తనాళాలు అన్నీ అక్కడే. పామరేనియన్ లాంటి చిన్న జాతుల్లో శ్వాసనాళం మెత్తబడి నొక్కుకుపోయే జబ్బు ఎక్కువ. పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి ఊపిరాడ్డమే ఓ పని. వీటికి చోక్ చైన్ ఊసే ఎత్తకూడదు.

ముళ్ల బెల్టు, అదే ప్రాంగ్ కాలర్, ఇంకో అడుగు ముందుకి. ముళ్లు లోపలివైపు ఉంటాయి, మొనలు మొద్దుగా ఉంటాయి. లాగితే మెడ చుట్టూ గుచ్చుకుంటాయి. 'నొప్పి ఉండదు, అమ్మకుక్క పంటితో పట్టుకున్నట్టు ఉంటుంది' అని అమ్మేవాళ్లు చెప్తారు. నొప్పో, కనీసం చిరాకో లేకపోతే అది పనిచేసేది దేనివల్లో వాళ్లు చెప్పరు. జర్మనీలో 2022 నుంచి ట్రైనింగ్‌కి ఇలాంటి ముళ్ల బెల్టులు వాడటం నిషేధం.

మూడోది షాక్ కాలర్. ఆన్‌లైన్‌లో దాన్ని 'ఈ-కాలర్' అని, 'రిమోట్ ట్రైనర్' అని ముద్దు పేర్లతో అమ్ముతారు. బీప్, వైబ్రేషన్, కరెంట్ అని మూడు బటన్లు. మా టీమ్‌లో ఒకబ్బాయి ఈ లింక్ పంపి, "యాప్ కూడా ఉంది, నీకు నచ్చుతుంది" అన్నాడు. టెక్నాలజీ అంటే పడిచచ్చే నాకే ఇది నచ్చలేదు. కారణం జాలి ఒక్కటే కాదు, డీబగ్గింగ్ కూడా.

చూడండి. లడ్డూ లాగుతోంది, మీరు బటన్ నొక్కారు, మెడలో జిల్లుమంది. ఆ క్షణంలో లడ్డూ బుర్రలో లాగ్ ఫైల్ ఎలా ఉంటుంది? 'నేను చైన్ లాగాను కాబట్టి' అని ఉంటుందని మన ఆశ. కానీ అప్పుడు దాని కళ్ల ముందు సైకిల్ మీద ఓ పిల్లాడు ఉన్నాడు, పక్కన ఇంకో కుక్క ఉంది, వెనక ఆటో హారన్ కొట్టింది. వీటిలో దేనికి లింక్ పెట్టుకుంటుందో మన చేతిలో లేదు. 1948లోనే స్కిన్నర్ అనే సైకాలజిస్ట్ పావురాలకి, అవి ఏం చేస్తున్నా పట్టించుకోకుండా టైమ్ ప్రకారం గింజలు పడేలా పెట్టి చూశాడు. గింజ పడినప్పుడు ఏం చేస్తుంటే దానివల్లే పడిందనుకుని, ఒకటి గుండ్రంగా తిరగడం, ఇంకోటి తల ఊపడం మొదలెట్టాయి. గింజతోనే ఇలా ఉంటే, షాక్‌తో 'సైకిల్ పిల్లాడు కనిపిస్తే నొప్పి' అని నేర్చుకుంటే? అది లాగడం మానేసి, పిల్లాడి మీద మొరగడం మొదలెడుతుంది. ఒక బగ్ క్లోజ్ చేసి అంతకంటే పెద్ద బగ్ ఓపెన్ చేసినట్టు. అపార్ట్‌మెంట్‌లో లాగే కుక్కని భరిస్తారు, పిల్లల మీదికెళ్లే కుక్కని భరించరు.

పోనీ రిజల్టైనా గ్యారంటీయా? ఇంగ్లండ్‌లో లింకన్ యూనివర్సిటీవాళ్లు 63 కుక్కల మీద చేసిన స్టడీ 2020లో వచ్చింది. వాళ్లు చూసింది లాగడం గురించి కాదు, పిలిస్తే రావడం లాంటి మాట వినడం గురించి. రిమోట్ కాలర్ వల్ల అదనంగా ఒరిగిందేమీ లేదు, తాయిలంతో నేర్పినవాళ్ల ఫలితాలు దానికి ఏమాత్రం తీసిపోలేదు. వేల్స్‌లో అయితే 2010లోనే షాక్ కాలర్లని నిషేధించారు.

మన దగ్గర చట్టం సంగతి అడుగుతారేమో. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 11లో, మరీ పొట్టి గొలుసుతోనో మరీ బరువైన గొలుసుతోనో జంతువుని గంటల తరబడి కట్టేసి ఉంచడం కూడా నేరమే అని రాసుంది. మొదటిసారి దొరికితే జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. అవును, సరిగ్గానే చదివారు. ఇరానీ చాయ్‌కి, సమోసాకి అయ్యేంత.

ఇప్పుడు పనికొచ్చేవాటి దగ్గరికి వద్దాం. మార్టింగేల్ అని ఒకటుంది, బట్టతో చేసిన బెల్టే, లాగితే కొంతవరకే బిగిసి ఆగుతుంది. ముధోల్ లాంటి మన వేట కుక్కలకి తల కంటే మెడ లావు, మామూలు బెల్టు తలమీంచి జారిపోతుంది. జారకుండా ఉండటానికి మార్టింగేల్ మంచిది. లాగడం మానిపించడానికి కాదు.

హెడ్ హాల్టర్ అంటే గుర్రం కళ్ళెం లాంటిది. మూతి చుట్టూ ఒక పట్టీ, చెవుల వెనక ఒక పట్టీ, చైన్ గడ్డం కింద తగులుతుంది. తల ఎటు తిరిగితే ఒళ్లు అటు తిరుగుతుంది కాబట్టి, బక్కపలచని మనిషి కూడా పెద్ద కుక్కని ఆపగలరు. చిక్కేంటంటే చాలా కుక్కలకి మూతి మీద పట్టీ అస్సలు నచ్చదు. గీక్కుంటాయి, నేలకేసి రాస్తాయి. రోజూ కొంచెంకొంచెంగా తిండి ఆశ చూపిస్తూ అలవాటు చెయ్యాలి. పైగా ఝట్కా ఇవ్వకూడదు, అది ఒక్కసారిగా దూకితే మెడ పక్కకి విరుచుకుపోయే ప్రమాదం ఉంది. కూరగాయల ఆటో చూస్తే ఎగిరే మా లడ్డూకి ఇది వద్దనుకున్నాం.

ఇక మిగిలింది హార్నెస్, ఒంటికి వేసే బెల్టు. ఇక్కడే చాలామంది తప్పు రకం కొంటారు. చైన్ వీపు మీద తగిలించే హార్నెస్ వేస్తే లాగడం ఇంకా ఎక్కువవుతుంది. ఎందుకంటారా? మన ఊళ్లో ఎద్దుకి కాడి ఎక్కడ పెడతారు? మూపురం ముందు, బలమంతా పడే చోట. గొంతుకి తాడు కట్టి బండి లాగమంటే లాగదు కదా. మంచు మీద బండ్లు లాగే హస్కీలకి వేసేదీ ఒంటికి వేసే హార్నెసే. అంటే వీపు హార్నెస్ వేసి 'లాగొద్దు' అనడమంటే, కాడి కట్టి 'నడవకు' అన్నట్టే. నొప్పి లేకుండా, హాయిగా, ఫుల్ పవర్‌తో లాగుతుంది.

చైన్ ఛాతీ ముందు రింగుకి తగిలించే హార్నెస్ వేరు. కుక్క ముందుకి దూకగానే పట్టు ముందు నుంచి పడుతుంది కాబట్టి ఒళ్లు మనవైపు తిరిగిపోతుంది. దూకిన బలం దూకినవైపు పనిచెయ్యదు. మెడ మీద ఏ ఒత్తిడీ ఉండదు. మెడ గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. 2020లో నాటింగ్‌హామ్ ట్రెంట్ యూనివర్సిటీవాళ్లు కుక్క మెడ మోడల్‌కి రకరకాల బెల్టులు వేసి లాగి చూశారు. వెడల్పైనవీ మెత్తవీ కూడా పెట్టారు. గట్టిగా లాగినప్పుడు దెబ్బ తగిలే రిస్క్ లేనంత తక్కువ ఒత్తిడి ఏ ఒక్కదానిలోనూ రాలేదు. బెల్టుతో లాగినప్పుడు కుక్క కంటిలోపలి ఒత్తిడి పెరుగుతుందనీ, హార్నెస్‌తో అలా లేదనీ 2006లో ఇంకో స్టడీ వచ్చింది. కాబట్టి లాగే వయసులో చైన్ మెడకి తగిలించకపోవడమే మేలు. మెడ బెల్టు మాత్రం తీసెయ్యకండి. ఫోన్ నంబరున్న బిళ్ల వేలాడదీయడానికి అది కావాలి.

మేం కొన్నది అదే, ముందు రింగున్న హార్నెస్. షాపులో చూసినవి 700 నుంచి 1500 దాకా ఉన్నాయి. ఛాతీ మీద ఇంగ్లిషు 'వై' అక్షరంలా వచ్చేది చూడండి, భుజాలకి అడ్డంగా ఒకే పట్టీ ఉండేది కాలు చాచనివ్వదు. పట్టీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్లు దూరాలి. చంక దగ్గర ఒరుసుకుపోతోందేమో వారానికోసారి వెంట్రుకలు పక్కకి తీసి చూడాలి. భయపడితే వెనక్కి నడిచి హార్నెస్‌లోంచి బయటపడే గడుసు కుక్కలుంటాయి. అలాంటివాటికి హార్నెస్‌కీ మెడ బెల్టుకీ కలిపి చిన్న లింక్ ఒకటి వేస్తే సేఫ్. చైన్ ఆరడుగుల నైలాన్‌ది చాలు. బటన్ నొక్కితే సాగే చైన్ కొనకండి, అది ఎప్పుడూ కొంచెం బిగిసే ఉంటుంది. అంటే లాగితే తాడు సాగుతుందని మనమే నేర్పుతున్నట్టు.

అమ్మకి హార్నెస్ తొడిగి చూపించగానే, "ఇంతేనా, ఇక లాగదా?" అంది.

"లాగుతుందమ్మా. నిన్ను పడెయ్యదు, అంతే. మిగతాది మనం నేర్పాలి" అన్నాను.

నేర్పడం అంటే పెద్ద విద్యేం కాదు, విసుగు పుట్టించే పని. కుక్క ఎందుకు లాగుతుంది? లాగితే పని జరుగుతుంది కాబట్టి. వేపచెట్టు దగ్గరికి లాగింది, మనం ఈడ్చుకుంటూ వెళ్లాం, చెట్టు దొరికింది. టెస్ట్ పాస్. కాబట్టి ఆ టెస్ట్ ఫెయిల్ అయ్యేలా చెయ్యాలి. చైన్ బిగిసిన క్షణం స్తంభంలా ఆగిపోవాలి. తిట్టొద్దు, వెనక్కి గుంజొద్దు. అది వెనక్కి చూసి తాడు లూజవ్వగానే మళ్లీ నడవాలి. మన కాలి పక్కన నడిచినప్పుడల్లా వేలి గోరంత తాయిలం. ఉడికించిన చికెన్ ముక్క, పనీర్, కోడిగుడ్డు, క్యారెట్, ఏదైనా సరే. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉల్లిపాయ మాత్రం కుక్కలకి విషం. ఒక్కోసారి తాయిలం బదులు ఆ చెట్టు దగ్గర వాసన చూడనివ్వడమే బహుమతి.

ఇందులో చాలామంది జారే చోటు ఒకటుంది. నాలుగు రోజులు ఆగి, ఐదో రోజు లేటవుతోందని లాగనిచ్చేస్తారు. స్కిన్నర్ పావురాల నుంచి మన ఫోన్లో గేమ్స్ దాకా సూత్రం ఒక్కటే. ప్రతిసారీ దొరికేదాని కంటే, ఎప్పుడో ఒకసారి దొరికేదాని కోసమే ఎక్కువసేపు ప్రయత్నిస్తాం. రీల్స్ కిందికి తోస్తూ కూర్చున్న మనకి ఇది ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు. కాబట్టి ఇంట్లో చైన్ పట్టుకునే అందరిదీ ఒకే రూల్ ఉండాలి. మా ఇంట్లో గండి పడింది నాన్న దగ్గర. "పాపం, చెట్టు దగ్గరికే కదమ్మా వెళ్తానంది" అని ఆయనా దానివెంట పరిగెత్తేవారు. నాన్నకి వాకింగ్ డ్యూటీ రెండు వారాలు రద్దు చేసింది అమ్మే.

మొదటి వారం మా బ్లాక్ నుంచి గేటు దాకా, మామూలుగా మూడు నిమిషాల దూరం, ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. అమ్మ ఆగుతుంది, లడ్డూ ఆగుతుంది, ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటారు. మూడో ఫ్లోర్ అంకుల్ బాల్కనీలోంచి "ఏంటండీ, బ్యాటరీ అయిపోయిందా?" అని అడిగారు. "ట్రైనింగండీ" అని అమ్మ సీరియస్‌గా చెప్పింది. నాలుగో వారానికి గేటు దాకా తాడు ఎక్కువసేపు లూజుగానే ఉంటోంది. గేటు బయట ఇంకా కష్టమే. వీధి కుక్కలు ఎదురొస్తే అమ్మ రోడ్డు దాటి అవతలివైపు వెళ్తుంది. ఆ టైమ్‌లో చైన్ బిగపట్టి అక్కడే నిలబడితే మన కుక్క ఇంకా బిగుసుకుపోతుంది. కూరగాయల ఆటో మాత్రం ఇప్పటికీ పెద్ద పరీక్షే. అది వచ్చే టైమ్ తెలుసు కాబట్టి వాకింగే ఓ పావుగంట ముందుకి జరిపారు. ఎండాకాలంలో ఎలాగూ పెందలాడే వెళ్లాలి. అరచేతి వెనక భాగం రోడ్డుకి ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ రోడ్డు మీద కుక్కని నడిపించకూడదు.

'ఎవరైనా మంచివాళ్లని చూడు' అన్న మాట అమ్మ మళ్లీ ఎత్తలేదు, నేనూ అడగలేదు. లడ్డూ ఇప్పుడు 19 కిలోలు, హార్నెస్ చంక దగ్గర బిగుతవుతోంది. ఆదివారం పెద్ద సైజు కొనాలి. ఈసారి షాపుకి తనూ వస్తానంది అమ్మ. ఎరుపు రంగు మట్టి పట్టినా కనపడదట.